మయసభ నుండి మహాతీర్థము వరకు: వినోదోద్యానములు, తీర్థయాత్రలు - ఒక చారిత్రక పరిశీలన

మహాభారతమున రెండు సంచారములు కలవు. అవి రెండును ఒకే కథలోనివే యైనను వానిని పక్కపక్కన నిలిపి చూచుట అరుదు.

మొదటిది సభాపర్వమున కలదు. ఖాండవదహన సమయమున ప్రాణరక్షణము పొందిన మయుడు కృతజ్ఞతతో ధర్మరాజునకు ఒక సభను నిర్మించి యిచ్చెను. కైలాసమునకు ఉత్తరమున నున్న బిందుసరస్సు చెంత నుండి మణులను, స్ఫటికములను తెప్పించి 14 మాసములలో దానిని పూర్తిచేసెను. రాజసూయమునకు వచ్చిన దుర్యోధనుడు ఆ సభను చూడబోయెను. స్ఫటికపు నేలను నీరని భ్రమించి వస్త్రమును ఎత్తిపట్టుకొనెను. నిజమైన నీటిని నేల యనుకొని అందు పడెను. చూచినవారు నవ్విరి. ఆ నవ్వు జూదమునకును, జూదము అరణ్యవాసమునకును దారితీసెను.

రెండవది ఆ అరణ్యవాసములోనిదే. అర్జునుడు దివ్యాస్త్రములకై వెడలిన పిమ్మట దుఃఖితుడై యున్న ధర్మరాజునకు తీర్థయాత్ర విహితమయ్యెను. లోమశ మహర్షి తోడుగా వచ్చెను. బయలుదేరుటకు ముందు ఆయన చెప్పిన ఉపదేశము చాల చిన్నది: పరివారమును తగ్గించుకొనుము, తేలికగా నుండుము, తేలికయైనవాడే స్వేచ్ఛగా సంచరింపగలడు అని. ధర్మరాజు ఆ మాటను శిరసావహించి, ఆకలిదప్పులకు, మార్గాయాసమునకు ఓర్వలేనివారిని, మృష్టాన్నమును కోరువారిని వెనుకకు మరలుడని వేడెను. నిన్నటివరకు మయసభకు అధిపతియైన మహారాజు ఈనాడు కాలినడకన నదీతీరములను, మునివాటికలను దర్శించుచు పోయెను.

నేటి గృహస్థునకును ఈ రెండు దారులు ఎదుట నున్నవి. వేసవి సెలవులలో పిల్లలతో ఎచటికి పోవలెను? అద్భుతములన్నియు ఒకేచోట అమర్చిన థీమ్ పార్కునకా, లేక వేడి, రద్దీ, నిరీక్షణము తప్పని కాశికా, శ్రీశైలమునకా? కృత్రిమమైన దానికై ధనమును, కాలమును వెచ్చించుట వ్యర్థమనియు, నిజమైన దేశమును చూచుటయే సార్థకమనియు కొందరందురు. ఆనందమునకు కృత్రిమము, అకృత్రిమము అను భేదమేల యని మరికొందరందురు. ఈ వాదమును తీర్చుటకు రెంటి చరిత్రను చూడవలసి యున్నది. చరిత్రను చూచినచో ప్రశ్నయే కొంత మారును.

వినోదోద్యానముల పుట్టుక

థీమ్ పార్కు అనునది ఒక్కనాట పుట్టినది కాదు. డెన్మార్కు రాజధాని యైన కోపెన్‌హాగెన్‌లో 1843లో తివోలి యను ఉద్యానము తెరువబడెను. దీపమాలికలు, సంగీతము, నాట్యశాలలు, ప్రాచ్యదేశ భవనముల పోలికతో కట్టిన మంటపములు అందు ఉండెను. ప్రజలు వినోదమున మునిగియున్నప్పుడు రాజకీయమును తలపరని చెప్పి దాని స్థాపకుడైన గేయోర్గ్ కార్‌స్టెన్సెన్ నాటి రాజగు ఎనిమిదవ క్రిస్టియన్‌ను ఒప్పించెనని ప్రసిద్ధి. మాట ఎంత సరళమో అంత లోతైనది. వినోదము మనస్సును ఒక దిక్కు నుండి మరలించునను సత్యము ఆ ఉద్యానపు పునాదిలోనే నిక్షిప్తమై యుండెను.

ఆ తివోలిని చూచి ముచ్చటపడినవారిలో అమెరికా చలనచిత్ర నిర్మాత వాల్ట్ డిస్నీ ఒకడు. ఆయన సంకల్పించిన డిస్నీలాండు కాలిఫోర్నియా రాష్ట్రమున అనాహైమ్ అను ఊర, 160 ఎకరముల నారింజతోటల నేలపై, సుమారు ఒక సంవత్సర కాలములో నిర్మితమై 1955 జులై 17న ఆరంభమయ్యెను. మయుడు పుచ్చుకొన్న 14 మాసముల కంటె అది తక్కువ. తొందరపాటు ఫలితము తొలినాడే కనబడెను. క్రొత్తగా పోసిన తారు ఆరక స్త్రీల పాదరక్షల మడమలు నేలలో దిగబడెను. గొట్టపు పనివారి సమ్మె కారణమున త్రాగునీటి కుళాయిలు చాలవరకు పనిచేయలేదు. మయసభలో దుర్యోధనుని పాట్లు ఎరిగిన పాఠకునకు ఈ ఘట్టము చిరునవ్వు తెప్పింపకమానదు.

అయినను ఆ ఉద్యానము విజయవంతమయ్యెను. దాని కారణము నిర్మాణములోని ఒక సూక్ష్మమున నున్నది. ఉద్యానము చుట్టును ఎత్తైన మట్టికట్ట వేయబడెను. లోపల నున్నవానికి వెలుపలి ఊరు, రహదారి, విద్యుత్ స్తంభములు కానరాకూడదని ఉద్దేశము. ప్రధానవీథిలోని భవనముల పై అంతస్తులు క్రింది అంతస్తుల కంటె చిన్న కొలతతో కట్టబడెను. దానివలన భవనము ఉన్నదానికంటె ఎత్తుగా తోచును. అడవిలో పడవప్రయాణము నిమిత్తము సజీవ జంతువులనే ఉంచవలెనని డిస్నీ తొలుత తలంచెను. కాని నిజమైన జంతువులు పగలు నిద్రించును, లేదా దాగికొనును. పడవ వచ్చిన క్షణమున కనబడునను నమ్మకము లేదు. కావున యంత్రపు ఏనుగులు, యంత్రపు మొసళ్లు అమర్చబడెను. అవి ప్రతి పడవకును, ప్రతి దినమును, తప్పక తల ఎత్తును.

ఈ ఒక్క ఉదంతమున థీమ్ పార్కు యొక్క స్వభావము సమస్తము ఇమిడియున్నది. అందు నిరాశకు తావు లేదు, యాదృచ్ఛికమునకు తావు లేదు. సందర్శకుడు వచ్చునప్పటికి అద్భుతము సిద్ధమై యుండవలెను.

తరువాతి కాలమున ఈ విద్య మరింత విస్తరించెను. ఫ్లోరిడాలో 1971లో డిస్నీ వరల్డు వెలసెను. 1982లో దాని అంతర్భాగముగా ఎప్కాట్ ఆరంభమయ్యెను. అందు ఒక సరస్సు చుట్టును దేశదేశముల నమూనాలు నిలిపిరి. నేడు అవి 11. ఒక్క సాయంకాలమున మెక్సికో నుండి జపాను వరకు నడచి పోవచ్చును. వానిలో భారతదేశము లేదు. కాని 1998లో ఆరంభమైన యానిమల్ కింగ్‌డమ్ అను మరియొక ఉద్యానమున భారతదేశము వేరొక రూపమున ప్రవేశించెను. అచట ఆసియా ఖండమునకు ప్రతీకగా ఒక కల్పిత రాజ్యమును సృజించిరి. దాని పేరు ఆనందపురము. భారత, నేపాల, ఆగ్నేయాసియా దేశముల శిల్పరీతులను కలగలిపి, శిథిల మంటపములను, పాడుపడిన రాజభవనమును కట్టిరి. క్రొత్త గోడలకే పగుళ్లు, రంగు వెలిసిన జాడలు, వర్షపు మరకలు అద్దిరి. 2006లో ఆ ఆనందపురపు సరిహద్దున సుమారు 200 అడుగుల హిమశిఖరము ఎవరెస్టు పేరుతో లేచెను. దాని లోపల రైలుబండి కొండకొన వరకు పోయి, వెనుకకు దొరలి, కొద్ది నిమిషములలో యథాస్థానమునకు చేరును.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబములు స్వదేశము నుండి వచ్చిన తల్లిదండ్రులను చూపరాని దానిని చూపవలెనన్న ప్రీతితో ఫ్లోరిడాకు గొనిపోవుట నేడు సాధారణమే. ఆ పెద్దవారు సముద్రములు దాటి వచ్చి, సంస్కృత నామధేయము గల ఒక కల్పిత నగరమున, తమ దేశపు గుడి శిథిలముల అనుకృతి ఎదుట నిలుచుందురు. ఇది పరిహాసమునకు పాత్రమైన దృశ్యము కాదు. మనుమని చేయి పట్టుకొని నవ్విన ఆ గంట వారికి అమూల్యమైనదే. ప్రశ్న వేరు. ఆ పురమున లభించునది దాని పేరు చెప్పుచున్న ఆనందమా, లేక సుఖమా? ఉపనిషత్తులు ఆనందమును విచారించునప్పుడు బాహ్యవిషయము మీద ఆధారపడి, దానితోనే ముగియు తృప్తిని ఆ పేరుతో పిలువవు.

భారతదేశమునను ఈ విధమైన ఉద్యానములు 20వ శతాబ్దపు చివరి దశకములలో వచ్చెను. ఢిల్లీలో అప్పూఘర్ 1984లోను, ముంబయిలో ఎస్సెల్‌వరల్డ్ 1989లోను తెరువబడెను. హైదరాబాదు శివారున రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో ఆరంభమయ్యెను. చలనచిత్రముల చిత్రీకరణమునకై కట్టిన ఆ నగరమున ఒకవైపు నుండి చూచినచో రాజభవనమును, మరొకవైపు నుండి చూచినచో వేరొక కట్టడమును పోలిన నిర్మాణములు కలవు. అది తాను రంగస్థలమని దాచదు. చూడవచ్చినవాడును ఆ రహస్యమును చూచుటకే వచ్చును. ఈ నిజాయితీ గుర్తుంచుకొనదగినది.

కాశీయాత్ర నిజముగా ఎట్లుండెను?

ఇక రెండవ దారి. "అసలైన యాత్ర" యనగానే పూర్వకాలపు కాశీయాత్ర మనస్సున మెదలును. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును సమానమని తెలుగునాట సామెత పుట్టినది. బయలుదేరువాడు ఆస్తిపాస్తులు అప్పగించి, అప్పులు తీర్చి, బంధువుల సెలవు గైకొని పోయెడివాడు. తిరిగివచ్చిన యెడల అది పునర్జన్మము.

ఆ యాత్ర వాస్తవముగా ఎట్లుండెడిదో తెలుసుకొనుటకు తెలుగువారికి ఒక అపూర్వ సాక్ష్యము కలదు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, జబ్బలుపురముల మీదుగా ప్రయాగ, కాశి, గయలను సేవించి, కలకత్తా, జగన్నాథము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరముల మార్గమున 1831 సెప్టెంబరు 3న చెన్నపట్టణము చేరెను. సుమారు 100 మంది పరివారము ఆయన వెంట నడచిరి. దారిపొడుగునను తాను చూచినదానిని మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు వ్రాసి పంపుచుండెను. వీరాస్వామయ్య 1836లో పరమపదించిన పిమ్మట ఆ వ్రాతలే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యెను.

ఆ గ్రంథమును చదువువారికి మొదట ఆశ్చర్యము కలిగించునది అందలి దేవాలయవర్ణనము కాదు. ఏ ఊర నీరు మంచిది, ఎచట అంగళ్లు కలవు, ఏ నది దాటుట కష్టము, ఏ దారి రాళ్లమయము, ఏ సీమలో ఏ భాష, ఏ ఆచారము - ఇట్టి వివరములే విస్తారముగా నున్నవి. తన తరువాత వచ్చు బాటసారికి ఉపకరించునట్లు ఆయన వ్రాసెను. యాత్ర ఆయనను తన సౌఖ్యము నుండి పరుల అవసరము వైపు త్రిప్పినదని ఆ పుటలే చెప్పుచున్నవి.

అయినను ఈ యాత్రను నిష్కళంకమైన స్వర్ణయుగముగా చిత్రించుట సత్యమునకు న్యాయము కాదు. వీరాస్వామయ్య సంపన్నుడు. ఆయన సవారీలో పయనించునప్పుడు దానిని భుజములపై మోసిన బోయీలు కలరు. మార్గాయాసము వారి దేహములదే. వారి పేర్లు లోకమునకు తెలియవు. తీర్థములును వ్యాపారస్పర్శ లేనివి కావు. ప్రయాగ, గయ, జగన్నాథములలో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వము యాత్రికుల నుండి పన్ను వసూలు చేయుచుండెను. ఆ పన్ను 1840లో గాని రద్దు కాలేదు. అనగా దైవదర్శనమునకు ప్రవేశరుసుము చెల్లించుట నేటి విడ్డూరము కాదు. ప్రవేశరుసుము ఉన్నంతమాత్రమున ఒక స్థలము మిథ్య కాదు, లేనంతమాత్రమున పవిత్రము కాదు.

ఆ కాలముననే ప్రయాణము స్వరూపము ప్రపంచమంతట మారనారంభించెను. 1841 జులై 5న ఇంగ్లండులో థామస్ కుక్ అను మతప్రచారకుడు మద్యపాన నిషేధసభకై సుమారు 500 మందిని లెస్టర్ నుండి లఫ్‌బరోకు ఒక షిల్లింగు చొప్పున రైలులో తీసికొనిపోయెను. నేడు ప్యాకేజీ టూరు అని వ్యవహరింపబడుచున్న వ్యాపారమునకు బీజము అదియే. ఆశ్చర్యము గొలుపు విషయ మేమనగా ఆ తొలి ప్రయాణమునకు విహారము ఉద్దేశము కాదు, నీతినియమము. 1853లో బొంబాయి, ఠాణాల నడుమ రైలు నడచిన పిమ్మట భారతదేశమునను క్రమముగా మాసముల ప్రయాణము దినములకు కుదించుకొనిపోయెను. కాశికి పోవుట కాటికి పోవుటతో సమానము కాకుండెను. దీనికి చింతించుట తగదు. దీనివలన బోయీ భుజము బరువు దిగెను. వితంతువు, వృద్ధుడు, నిరుపేద గంగను చూడగలిగిరి. యజ్ఞములు ధనవంతులకు, రాజులకు మాత్రమే సాధ్యములనియు, దరిద్రునకును అందుబాటులో నుండునది తీర్థయాత్ర యనియు అరణ్యపర్వమున పులస్త్యుడు చెప్పిన మాట రైలుపెట్టెలో మరింత నిజమయ్యెను.

అనుకృతి అపచారమా?

"కృత్రిమము" అను ఒక్క పదముతో థీమ్ పార్కును తోసిపుచ్చువారికి సనాతన సంప్రదాయమే అడ్డుపడును. అనుకృతిని ఈ సంప్రదాయము ఆదరించినంతగా మరియొకటి ఆదరించి యుండదు.

కాశీక్షేత్రమును చుట్టివచ్చు పంచక్రోశ ప్రదక్షిణము సుమారు 80 కిలోమీటర్ల దూరము గలది. సాధారణముగా 5 దినములు నడువవలెను. దారిలో 108 దేవతాస్థానములు కలవు. నడువలేనివారి కొరకు కాశీనగరములోనే పంచక్రోశ మందిరము ఒకటి వెలసెను. ఆ స్థానముల మూర్తులను దాని గోడలపై చెక్కిరి. ఆ ఒక్క గుడిని ప్రదక్షిణించి భక్తుడు యాత్రను భావించును. దక్షిణదేశమున 15వ శతాబ్దమున పరాక్రమ పాండ్యుడు విశ్వనాథునకు ఆలయము కట్టించిన ఊరు తెన్‌కాశి, అనగా దక్షిణకాశి. ఆంధ్రదేశమున ద్రాక్షారామమునకును దక్షిణకాశి యని ప్రఖ్యాతి. తెలుగు ఇండ్లలో పండుగకు తీర్చు బొమ్మలకొలువున కొండ, కోనేరు, సంత, పెండ్లి, వైకుంఠము ఒకే మెట్లవరుసపై కొలువుదీరును. పిల్లవాడు పురాణమును మొదట చూచునది అక్కడనే.

ఈ దృష్టితో చూచినచో ఇటీవలి కట్టడములును అర్థమగును. యాదగిరిగుట్ట చెంత నున్న సురేంద్రపురిలో పురాణఘట్టములు పెద్దపెద్ద ప్రతిమలుగా నిలిచియున్నవి. అచటికి వచ్చు పిల్లలు కేరింతలు కొట్టుచు తిరుగుదురు. అది బొమ్మలకొలువు యొక్క విశాలరూపము. శంషాబాదు సమీపమున ముచ్చింతల్‌లో 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కృతమైన 216 అడుగుల రామానుజుల సమతామూర్తి చుట్టును 108 దివ్యదేశముల నమూనా ఆలయములు కలవు. ఆ 108లో 106 మాత్రమే భూలోకమున నున్నవి. క్షీరసాగరము, పరమపదము అను రెండు దివ్యదేశములు ఈ దేహముతో చేరరానివని శ్రీవైష్ణవుల విశ్వాసము. శిల్పి ఆ రెంటికిని గోపురము కట్టగలడు, ప్రతిమ నిలుపగలడు. అచటికి దారి మాత్రము భక్తుడే వెదకికొనవలెను. మంచి అనుకృతి చేయు పని ఇదియే. తాను గమ్యము కానని చెప్పుచు గమ్యము వైపు వ్రేలు చూపును.

వినాయకచవితి కథ తెలుగు ఇంట ప్రతి యేటను వినబడునదే. ముల్లోకములలోని తీర్థములలో స్నానమాడి ముందుగా వచ్చినవానికి ఆధిపత్యమన్నప్పుడు కుమారస్వామి నెమలినెక్కి బయలుదేరెను. విఘ్నేశ్వరుడు తల్లిదండ్రులకు ప్రదక్షిణము చేసెను. కుమారస్వామి ఏ నదికి పోయినను అన్నగారు అప్పటికే స్నానము చేసి తిరిగివచ్చుచు కనబడెను. ఈ కథను సౌలభ్యమునకు సమర్థనముగా గ్రహించుట పొరపాటు. విఘ్నేశ్వరుడు దూరమును తగ్గించెను గాని భక్తిని తగ్గింపలేదు. ప్రదక్షిణము చిన్నదైనను అందు తాను వంగి నమస్కరించెను. చిన్నదారికి విలువ వచ్చుట ఆ నమస్కారమువలననే.

భేదము ఎచట నున్నది?

ఇంతవరకు చూచిన చరిత్రను కలిపి చూచినచో కృత్రిమము, అకృత్రిమము అను గీత సరియైన చోట గీయబడలేదని తోచును. కాశిలోని పంచక్రోశ మందిరము అనుకృతియే, ఫ్లోరిడాలోని ఆనందపురమును అనుకృతియే. మొదటిది భక్తుని కాళ్లకు మారుగా నిలిచెను, నమస్కారమును మాత్రము అతని నుండియే కోరెను. రెండవది అతని నుండి రుసుము తప్ప మరేమియు కోరదు. అచట ఆకలిదప్పులు, వేచియుండుట, భయము సైతము ముందుగానే లెక్కింపబడినవి. యంత్రపు మొసలి ఎవని పడవ కొరకైనను తల ఎత్తును. తీర్థము అట్లు కాదు. గంగ ఎవరి రాక కొరకును ప్రవహింపదు. శ్రీశైల మల్లికార్జునుడు యాత్రికుని సెలవు దినములను ఎరుగడు. అచట యాత్రికుడు తన కొలతకు తగినట్లు లోకమును మార్చుకొనలేడు. లోకము కొలతకు తానే మారవలెను. తీర్థయాత్రా ఫలము చేతులు, కాళ్లు, మనస్సు అదుపులో నున్నవానికే దక్కునని పులస్త్యుడు చెప్పుటలో ఆంతర్యము ఇదియే. ఫలము స్థలమున మాత్రమే ఉన్నచో ఈ నియమము చెప్ప నవసరము లేదు.

ఈ కొలబద్దతో చూచినచో "అసలైన ప్రయాణము" అని గర్వముగా చెప్పుకొనునదియు పరీక్షకు నిలువవలసి యున్నది. అమెరికా సమాజశాస్త్రజ్ఞుడు డీన్ మకానెల్ 1973లో ఒక ముఖ్యమైన విషయమును ప్రతిపాదించెను. పర్యాటకులు అకృత్రిమమైన జీవితమునే వెదకుదురనియు, ఆ కోరికను ఎరిగిన స్థలములు వారి కొరకు అకృత్రిమత్వమునే రంగస్థలముపై ప్రదర్శించుననియు దాని సారాంశము. గ్రామీణజీవనమును చూపెదమని తయారుచేసిన గ్రామము, పర్యాటకుని కొరకే కట్టిన పూరిగుడిసె, గిరిజనుల వేడుకను గంటల లెక్కన చూపు ప్రదర్శనము - ఇవియు మయసభలే. వీనిలో కొన్ని థీమ్ పార్కు కంటె హీనములు. ఏలయనగా థీమ్ పార్కు తాను ఆట యని చెప్పును, ఇవి చెప్పవు. పడిపోయిన దుర్యోధనుని తప్పు సభను చూచుట కాదు. చూచినదానిని నిజమని నమ్మి, తన భ్రమకు పరులను ద్వేషించుట.

అంతకంటె శోచనీయమైన విషయము వేరొకటి కలదు. తీర్థమే క్రమముగా థీమ్ పార్కు నియమములను అలవరచుకొనుట. ఉదయము విమానము, మధ్యాహ్నము శీఘ్రదర్శనము, సాయంకాలము గంగాహారతి యెదుట ఛాయాచిత్రము, రాత్రి తిరుగు ప్రయాణము. మూడు దినములలో ఐదు క్షేత్రములు "పూర్తి" యగును. అనుకొన్న సమయమునకు దర్శనము కానిచో కోపము, గది చల్లగా లేనిచో ఫిర్యాదు. ఇట్టి యాత్రికుడు కాశికి పోయినను తన చుట్టును తానే ఒక మట్టికట్ట వేసికొని పోయినవాడే. వెలుపలి లోకము అతనికి కానరాదు.

అయినను ఇది అనివార్యము కాదని చరిత్రయే ధైర్యము చెప్పుచున్నది. తిరుమల కొండకు 1944లో మోటారు దారి ఏర్పడెను. 1970లలో రెండవ దారి వచ్చెను. నాటితో అలిపిరి మెట్లదారి నిర్జనమై పోవలసినది. కాలేదు. సుమారు 3,550 మెట్లను నేటికిని జనులు గోవిందనామముతో ఎక్కుచున్నారు. మోకాళ్లపర్వతము చెంత మోకాళ్లపై ఎక్కువారు నేటికిని కలరు. క్రింద బస్సు సిద్ధముగా నుండగా వారు నడచుచున్నారు. మార్గాయాసము పూర్వము తప్పనిసరి. నేడు అది స్వీకరింపబడిన వ్రతము. ఈ అర్థమున నేటి పాదచారి యాత్ర సవారీలో పోయిన నాటి సంపన్నుని యాత్ర కంటె శుద్ధతరమని చెప్పినను తప్పు కాదు.

తెచ్చుకొనుట, విడిచివచ్చుట

ఒక ప్రయాణము సార్థకమైనదా యని తెలిసికొనుటకు తెలుగు గృహస్థుల ఆచారములోనే ఒక చక్కని గురుతు కలదు. వినోదోద్యానము నుండి తిరిగివచ్చువాడు ఒక జ్ఞాపికను కొని తెచ్చుకొనును. బొమ్మ, టోపీ, పేరు వ్రాసిన కప్పు. వచ్చు ద్వారము అంగడి గుండ పోవునట్లే చాల ఉద్యానములు తీర్చబడి యుండును. కాశికి పోయినవాడు మాత్రము తనకు ప్రీతియైన పండునో, కూరనో అచట విడిచి వచ్చును. ఆ దినము మొదలు దానిని ముట్టడు. ఎన్నియో సంవత్సరముల తరువాత విందులో ఆ కూర వడ్డింపబోయినప్పుడు చేయి అడ్డుపెట్టి "కాశిలో వదలితిని" అనును. ఆ క్షణమున యాత్ర మరల జరుగును.

కాశి నుండి తెచ్చునదియు తన కొరకు కాదు. చెంబులోని గంగను పూజించి, కాశీసమారాధన చేసి, బంధుమిత్రులకు అన్నము పెట్టి, కాశీదారములను పంచిపెట్టుదురు. పోలేనివారి చేతికి ఆ దారము కట్టబడును. సేతువు నుండి ఇసుకను గంగలో కలిపి, గంగాజలమును తెచ్చి రామేశ్వరుని అభిషేకించు సంప్రదాయమును ఇట్టిదే. యాత్రికుడు ఒక తీర్థమును మరియొక తీర్థముతో కలుపు వాహకుడే గాని భోక్త కాడు.

కావున సెలవులలో పిల్లలను థీమ్ పార్కునకు గొనిపోయిన తండ్రి పాపము చేసినవాడు కాడు. ఆటకు జీవితమున చోటు కలదు. లీలను పరమాత్మకే ఆపాదించిన సంప్రదాయము ఆటను నిందింపదు. ఆటను ఆటగా ఆడి, నవ్వి, ఇల్లు చేరినచో చాలును. దానినే ప్రయాణమని, దేశదర్శనమని, ఆనందమని భ్రమింపకుండుట ముఖ్యము. అట్లే కాశికి పోయినవాడు పోయినంతమాత్రమున ఉన్నతుడు కాడు. ఒకడు ఫ్లోరిడాలో వృద్ధురాలైన తల్లి చక్రాల కుర్చీని త్రోయుచు రోజంతయు ఆమె సంతోషమునే చూచుచు గడపెననుకొందము. మరియొకడు విశ్వనాథుని వరుసలో ముందువానిని త్రోసికొని పోయెననుకొందము. వీరిద్దరిలో ఎవరు విఘ్నేశ్వరుని దారిలో నున్నారో చెప్ప నక్కరలేదు.

అయినను పిల్లలకు రెండవ దారిని ఒకమారైనను చూపుట పెద్దల విధి. నిద్రించుచున్న నిజమైన జంతువును చూడక తిరిగివచ్చుట, వాన పడి దర్శనము ఆలస్యమగుట, తెలియని భాషలో దారి అడుగుట, సత్రపు పంక్తిలో అపరిచితుని పక్కన కూర్చుండి భుజించుట - వీనిని ఏ యంత్రమును అమర్చి యీయజాలదు. లోకము తన కొరకు సిద్ధముచేయబడిన సభ కాదని బాలుడు తొలిసారి ఎరుగునది అక్కడనే. ఆ ఎరుక లేనివాడు పెద్దవాడైన పిమ్మట ప్రతిచోటను నీటిని నేల యనుకొని పడును, నవ్వినవారిపై కినియును.

14 మాసముల శ్రమతో నిర్మితమైన మయసభ ధర్మరాజునకు ఒక్క జూదముతో చేజారెను. లోమశుని వెంట నడచిన దారి మాత్రము ఎవరును అతని నుండి గెలుచుకొనలేదు. బయలుదేరునాడు ఆ మహర్షి కోరినది ఒక్కటే, తేలికగా నుండుమని. నేటి గృహస్థుడు పెట్టె సర్దుకొనునప్పుడు దానిలో ఏమి పెట్టవలెనని యోచించును. ఏమి విడిచిరావలెనని కూడ ఒక క్షణము యోచించినచో, అతని యాత్ర గడప దాటకముందే ఆరంభమైనట్లు.

స్వస్తి.